కార్బైడ్ డై మూలలు ఎగిరిపోతున్నాయి: తప్పు గ్రేడుదా, నీళ్లదా?

బాలానగర్_ప్రెస్‌షాప్
నవంబరు 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది బాలానగర్‌లో చిన్న ప్రెస్ షాపు. ఫ్యాను మోటార్లకు ల్యామినేషన్లు, అంటే లోపల దొంతరగా పేర్చే పల్చటి స్టీలు రేకులు, కొడతాం. అర మిల్లీమీటరు సిలికాన్ స్టీలు, నిమిషానికి 250 స్ట్రోకులు. రేకును పైనుంచి కోసే పంచ్‌లు, కింద అచ్చులో కూర్చునే డై ఇన్సర్టులు కార్బైడ్‌వి. పాత సెట్టు పదిహేను లక్షల స్ట్రోకులకు ఒకసారి పదును పెట్టుకుంటూ మూడేళ్లు నడిచింది. అరిగింది తప్ప ఒక్క మూల కూడా విరగలేదు.

ఆగస్టులో కొత్త సెట్టు ఎక్కించాం. అదే డ్రాయింగు, అదే 12 శాతం కోబాల్ట్ గ్రేడు, దిమ్మ ఇచ్చింది కూడా పాత సరఫరాదారే. మూడు లక్షల దగ్గర స్లాట్ మూలలో చిన్న పెచ్చు లేచింది. పదును పెట్టి మళ్లీ ఎక్కిస్తే రెండు లక్షలకే ఇంకో మూల పోయింది. పోయిన వారం ఒక ఇన్సర్టు నిలువునా రెండు ముక్కలైంది. ఆ రోజు రెండు షీట్లు ఒకేసారి పడలేదు, స్క్రాప్ ఇరుక్కోలేదు. ప్రెస్సు మామూలుగానే నడుస్తోంది.

సరఫరాదారు ఇంకా గట్టి గ్రేడు వేయమంటున్నాడు. మా ఫోర్‌మన్ కోబాల్ట్ పెంచమంటున్నాడు, మెత్తగా ఉంటే విరగదని. ఒక్క సెట్టు చేయించడమే మాకు పెద్ద ఖర్చు. రెండోసారి తప్పు చేసే స్తోమత లేదు. నిద్ర పట్టడం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

---

గ్రైండింగ్_30ఏళ్లు
నవంబరు 6, రాత్రి 10:25

తమ్ముడూ, గ్రేడు మాట తర్వాత. విరిగిన ముక్కలు పారేయలేదు కదా? వాటిని మళ్లీ కలిపి అతుకుతాయా అని చూడకు. అలా చూస్తే పగిలిన ముఖం మీద గుర్తులు చెరిగిపోతాయి, అందరూ చేసే తప్పు అదే. స్పిరిట్‌తో మెల్లగా కడిగి, దూదిలో చుట్టి పెట్టు.

పదింతల భూతద్దంతో ఇవి చూసి చెప్పు. పగులు ఎక్కడ మొదలైంది, పదును ఉన్న అంచు దగ్గరా, లోపలి గోడ మీదా? వైర్‌కట్ చేసిన (కరెంటు తీగ స్పార్కుతో కోసిన) గోడ మెరుస్తోందా, సున్నం పూసినట్టు మసగ్గా ఉందా? వేలితో గట్టిగా రుద్దితే నలుపు అంటుకుంటోందా? పాత సెట్టు కోసిన షాపులోనే ఇదీ కోయించావా?

---

బాలానగర్_ప్రెస్‌షాప్
నవంబరు 7, ఉదయం 8:15

చూశానన్నా. పగులు మొదలైంది పదును అంచు దగ్గర కాదు. దాని కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతులో, స్లాట్ మూలలో, వైర్‌కట్ గోడ మీద. అక్కడి నుంచి విసనకర్రలా గీతలు విచ్చుకున్నాయి. గోడ మసక బూడిద రంగులో ఉంది. రుద్దితే పెన్సిల్ ముక్క పట్టుకున్నట్టు వేలికి నలుపు అంటింది. పాత సెట్టు గోడ చూస్తే స్టీలు గరిటెలా మెరుస్తోంది.

కోసింది వేరే షాపే. పాత షాపులో మెషీను పాడై ఉంటే జులైలో కొత్తచోట ఇచ్చాం.

---

పొడి_లోహం
నవంబరు 7, మధ్యాహ్నం 1:10

నేను బెంగళూరులో కార్బైడ్ తయారుచేసే ప్లాంటులో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే చాలా ఉంది. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే గ్రేడు మార్చమని మీకు ఇస్తున్న రెండు సలహాలూ అసలు సమస్యను తాకడం లేదు.

కార్బైడ్ అని మనం అనేది ఒక్క లోహం కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలు ఒకటి రెండు మైక్రాన్లవి, వాటిని పట్టి ఉంచే సిమెంటు కోబాల్ట్. పొడులు కలిపి, నొక్కి, 1400 డిగ్రీల చుట్టుపక్కల కాలిస్తే కోబాల్ట్ భాగం కరిగి గింజల మధ్యకు పాకుతుంది. 1923లో బెర్లిన్‌లో ఓస్రామ్ దీపాల సంస్థలో కార్ల్ ష్రోటర్ దీనికి పేటెంటు వేసినప్పుడు అవసరం కూడా డైలదే: బల్బుల్లోని టంగ్‌స్టన్ తీగ లాగడానికి వజ్రపు డైలు ఖరీదు ఎక్కువ. తర్వాత క్రుప్ కంపెనీ దీన్ని 'విడియా' పేరుతో అమ్మింది. జర్మన్‌లో 'వజ్రంలాగా' అనే మాటల నుంచి ఆ పేరు పుట్టింది. మన పాత టర్నర్లు ఏ కార్బైడ్ బిట్‌నైనా విడియా బిట్ అనడం అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు మీ సంగతి. పదేపదే దెబ్బ పడితే అలసిపోయేది ముఖ్యంగా కోబాల్ట్. మామూలు నీళ్లలో, పులుపు నీళ్లలో కరిగిపోయేదీ కోబాల్టే. ఫెటీగ్ (పదేపదే దెబ్బలకు వచ్చే అలసట), తుప్పు మనకు రెండు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ రెండూ కొరికేది ఒకే చోట.

అలసట ఎలా వస్తుందంటే, పగులు ముందుకు పాకినప్పుడు దాని కొన వెనకాల కోబాల్ట్ పోగులు రెండు ఒడ్డులనూ వంతెనల్లా పట్టుకుని ఉంటాయి. కార్బైడ్ మొండితనమంతా ఆ వంతెనలదే. ఒక్కసారి లోడు వేసి చూస్తే అవి సాగి బలం చూపిస్తాయి. అదే లోడు లక్షల సార్లు వేసి తీస్తుంటే ఒక్కొక్కటే తెగిపోతాయి. పైగా కోబాల్ట్ అణువులు రెండు రకాలుగా పేర్చుకోగలవు. సుమారు 420 డిగ్రీలపైన ఉండే పేర్పుకు సాగే గుణం ఎక్కువ. కార్బైడ్‌లో కొంత టంగ్‌స్టన్, కార్బన్ కోబాల్ట్‌లో కరిగి ఉంటాయి కాబట్టి చల్లారాక కూడా అదే పేర్పు చాలావరకు నిలుస్తుంది. పదేపదే దెబ్బలు తగిలితే పగులు కొన దగ్గర అది రెండో పేర్పుకు మారి పెళుసెక్కుతుంది.

అందుకే మీ ఫోర్‌మన్ మాట సగమే నిజం. కోబాల్ట్ పెంచితే ఒక్క దెబ్బను తట్టుకునే శక్తి పెరుగుతుంది. కానీ ఆ పెరిగిన శక్తి వంతెనల వల్ల వచ్చిందే, అలసటలో ముందుగా పోయేదీ అదే. కోబాల్ట్ ఎక్కువున్న గ్రేడు, గింజ పెద్దదైన గ్రేడు తన బలంలో ఎక్కువ వంతు ఫెటీగ్‌కు పోగొట్టుకుంటుంది.

మసక గోడ, వేలికి నలుపు అన్నారు చూడండి, అది తీవ్రమైన గుర్తు. కోబాల్ట్ పోయి ఉత్త గింజలు మిగిలితేనే అలా రాలతాయి. సున్నం లేని ఇటుక గోడ అనుకోండి. వైర్‌కట్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే తర్వాతి సంగతి వాళ్లు చెప్పాలి.

---

టూల్‌డిజైన్_పుణె
నవంబరు 7, మధ్యాహ్నం 3:30

ఒక్క అభ్యంతరం. నేను చదువుకున్నప్పుడు కార్బైడ్ పెళుసు పదార్థం, దానికి ఫెటీగ్ ఉండదు, లోడు హద్దు దాటితే విరుగుతుంది, దాటకపోతే విరగదు అని చెప్పారు. ఇరవై ఏళ్లుగా వంపు బలం చూసి, దానికి రక్షణ గుణకం వేసుకుని డిజైన్ చేస్తున్నాను. ఈ డైలో మూల వ్యాసార్థం ఎంత? నాకు అక్కడే అనుమానం.

---

బాలానగర్_ప్రెస్‌షాప్
నవంబరు 7, సాయంత్రం 6:05

మూల 0.1 మిల్లీమీటరు సార్. డ్రాయింగులో అంతే ఉంది, పాత సెట్టుకూ అంతే.

---

వైర్‌కట్_చర్లపల్లి
నవంబరు 7, రాత్రి 9:50

నేను పన్నెండేళ్లుగా వైర్‌కట్ మెషీను నడుపుతున్నాను. ఇది మా పనిలో జరిగే తప్పు, దాచుకోకుండా చెప్పాలి.

వైర్‌కట్ నీళ్ల ట్యాంకులో జరుగుతుంది. అయాన్లు తీసేసిన నీళ్లే అయినా వాటిలో కొంచెం కరెంటు పారుతుంది. పాత రకం కరెంటు సప్లైలో జాబ్ (కోస్తున్న ముక్క) పాజిటివ్, తీగ నెగటివ్. అంటే స్పార్కు పడే చోట కోత జరుగుతుంటే, పడని చోట జాబ్ ఒంటి మీద నుంచి కోబాల్ట్ మెల్లగా నీళ్లలోకి దిగిపోతుంటుంది. పూత పూసేపనికి తలకిందులు అనుకోండి. కొత్త మెషీన్లలో దీనికి విరుగుడుగా ఏసీ పల్సుల సప్లై ఉంటుంది, సగటు వోల్టేజి సున్నా దగ్గర ఉండేలా. అది ఉన్నా ఆన్ చేయని చోట్లున్నాయి, వేగం తగ్గుతుందని.

కరెంటు లేకపోయినా జాబ్‌ను నీళ్లలో వదిలేస్తే కోబాల్ట్ పోతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలు, కోబాల్ట్ పక్కపక్కనే తడిగా ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో కరిగేది కోబాల్ట్. నీళ్లలోని అయాన్లు పట్టే రెజిన్ పాతబడి నీళ్లు చెడిపోయి ఉంటే ఇంకా వేగంగా కరుగుతుంది.

రెండోది, రఫ్ కోత. మొదటి కోతలో స్పార్కు గట్టిగా కొడుతుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన పొర, దాని కింద సన్నటి పగుళ్లు మిగులుతాయి. తర్వాత మూడు నాలుగు సార్లు సన్నగా స్కిమ్ కట్ తీస్తే ఆ పొర చాలావరకు పోతుంది. గంటల లెక్కన డబ్బు అని ఒకటితో సరిపెడితే బయటికి కొలత సరిగ్గానే వస్తుంది, రోగం లోపల ఉంటుంది.

అన్నా, మీరు ఆ షాపును రెండే అడగండి. ఎన్ని స్కిమ్‌లు తీశారు? జాబ్ ఎన్ని రోజులు ట్యాంకులో ఉంది?

---

ఎంటెక్_వరంగల్
నవంబరు 8, ఉదయం 7:30

నేను మెటలర్జీ చదువుతున్నాను, ఒక సందేహం. క్షార ద్రవంలో కోబాల్ట్ మీద రక్షణ పొర ఏర్పడుతుందని, అక్కడ టంగ్‌స్టన్ కార్బైడే కరుగుతుందని చదివాం. గ్రైండింగ్ కూలెంట్ పీహెచ్ 9 ఉంటుంది కదా. అంటే కూలెంట్‌లో కోబాల్ట్‌కు భయం లేనట్టేనా?

---

పొడి_లోహం
నవంబరు 8, ఉదయం 11:20

మంచి ప్రశ్న. పుస్తకంలో ఉన్నది నిజమే. కానీ కూలెంట్‌ను పీహెచ్ 9 దగ్గర నిలబెట్టేది చాలాసార్లు ట్రైఇథనాలమైన్ లాంటి అమీన్లు. అమ్మోనియా ఇత్తడిని తిన్నట్టే అమీన్లు కోబాల్ట్ అయాన్‌ను పట్టుకుని ద్రావణంలోకి లాగుతాయి, రక్షణ పొరను నిలవనివ్వవు. అందుకే కార్బైడ్ గ్రైండింగ్‌కు కోబాల్ట్‌ను కాపాడే రసాయనాలు, బెంజోట్రయజోల్ లాంటివి, కలిపిన కూలెంట్ వేరుగా వాడతారు. పీహెచ్ పట్టీ ఒక్కటి ముంచి భరోసా పెట్టుకోకూడదు.

ఇప్పుడు పుణె సార్ అభ్యంతరం. ఫెటీగ్ లేదనే నమ్మకం మా దగ్గరా ఉండేది. దానికి కారణం ఉంది. స్టీలులో పగులు కొన దగ్గర ఒత్తిడి తీవ్రత రెట్టింపైతే పగులు వేగం ఎనిమిది నుంచి పదహారు రెట్లవుతుంది. కార్బైడ్‌లో వెయ్యి రెట్లు దాటుతుంది. ఆ లెక్కలో ఘాతం పదికి పైనే ఉంటుంది మరి. అంటే పగులు మొదలయ్యాక విరగడానికి మధ్య గడువు చాలా తక్కువ, చూసేవాడికి ఒక్కసారిగా విరిగినట్టే కనిపిస్తుంది. లేదని కాదు, మన కంటికి దొరకదు.

ముతక లెక్క ఒకటి వేస్తాను. ఈ రకం గ్రేడుకు పగులు నిరోధం 12 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుందాం. పదేపదే లోడు పడినప్పుడు పగులు కదలడం మొదలయ్యే హద్దు 7 అనుకుందాం. మూలలో సాగదీసే ఒత్తిడి 600 మెగాపాస్కల్. అంచు పగులు సూత్రంలో వేస్తే, ఒక్క దెబ్బకు విరగాలంటే 100 మైక్రాన్ల లోపం కావాలి. లక్షల దెబ్బలకు విరగాలంటే 35 మైక్రాన్లు చాలు. 35 నుంచి 100 మధ్యలో ఏ లోపమున్నా ట్రయల్‌లో పాసవుతుంది, ఉత్పత్తిలో విరుగుతుంది. వంపు బలం చూసి డిజైన్ చేస్తే ఈ మధ్య భాగం కనిపించదు సార్.

కోబాల్ట్ పోయిన పొర మందం ఆ కొలతల్లోనే ఉంటుంది. ఇక్కడ తుప్పు డైని విరగ్గొట్టలేదు, ఫెటీగ్‌కు కావలసిన మొదటి పగులును సిద్ధంగా పెట్టి ఇచ్చింది.

---

టూల్‌డిజైన్_పుణె
నవంబరు 8, మధ్యాహ్నం 12:45

లెక్క మళ్లీ వేసి చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. ఇన్నేళ్లూ నా డిజైన్లలో ఈ మధ్య భాగం వదిలేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ 0.1 మూల మాట వదలను. ఆ 600 వచ్చేది అక్కడే. కొనుగోలుదారు ఒప్పుకుంటే 0.3 చేయండి, గణనీయంగా దిగుతుంది. స్లాట్ మూలలో అంత పదును మోటారుకు అవసరం ఉండకపోవచ్చు, అడిగితే పోయేదేముంది. ఇన్సర్టును స్టీలు చట్రంలో బిగువుగా కూర్చోబెడుతున్నారా, వదులుగా పెట్టి బోల్టు వేస్తున్నారా అన్నది కూడా చూడండి. కార్బైడ్ నొక్కుడులో రాయి, లాగుడులో గాజు. చట్రం అన్నివైపుల నుంచి నొక్కిపట్టి ఉంటే లాగుడు తగ్గుతుంది.

---

బోరుబండి_నల్గొండ
నవంబరు 8, రాత్రి 8:40

ఇది మోటార్ల సంగతే అనుకుని వదిలేయబోయిన, చదివితే మా బిట్ల గోస కూడా ఇదే అనిపించింది. మాది బోరు బండి. ఆరున్నర అంగుళాల బటన్ బిట్లు (ముఖం మీద కార్బైడ్ గుండీలు పొదిగినవి), గాలి హ్యామర్. నల్గొండ గ్రానైట్‌లో బటన్లు అరుగుతాయి, సాన పెట్టుకుంటాం, మళ్లీ దించుతాం, ఏ బాధా లేదు. దాచేపల్లి వైపు సున్నపురాయిలో పని దొరికితే సంతోషపడ్డం, మెత్తటి రాయి కదా అని. అక్కడ బటన్లు అరగనే అరగలేదు, కొత్తవాటిలా నున్నగా ఉన్నాయి. కానీ కొన్ని రోజులకు పటపటా విరగడం మొదలైంది. విరిగిన బటన్ ముక్క బోరులో పడితే మిగతా బటన్లను కూడా కొట్టేస్తుంది. నీళ్లలో ఏదైనా ఉందంటారా?

---

పొడి_లోహం
నవంబరు 8, రాత్రి 10:15

అన్నా, మీరు చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన ఉదాహరణ. నీళ్ల మీద నాకు అనుమానం లేదు, సున్నపురాయి నీళ్లు పుల్లగా ఉండవు. బటన్లు అరగకపోవడమే అక్కడ కారణం.

హ్యామర్ నిమిషానికి 1500 దెబ్బలు కొడుతుందనుకుంటే గంటకు 90 వేలు. నూట పది గంటల్లో కోటి దెబ్బలు. ప్రతి దెబ్బకూ బటన్ పైపొర వేడెక్కుతుంది, గాలికి చల్లారుతుంది. ఆ సాగుడు ముడుచుకోడంలో పైపొర మీద పాము కుబుసంలా సన్నటి పగుళ్ల వల ఏర్పడుతుంది. గ్రానైట్‌లో ఉండే స్ఫటికం (క్వార్ట్జ్) బటన్‌ను అరగదీస్తూ ఆ పొరను ఎప్పటికప్పుడు తీసేస్తుంది. సున్నపురాయి తీయదు. పగుళ్లు పోగుపడి, ఒకటి లోతుకు దిగి, బటన్ విరుగుతుంది.

అందుకే అరుగుదల కనిపించకపోయినా సాన పెట్టాలి. అరిగిన బల్లపరుపు మచ్చ బటన్ వ్యాసంలో మూడో వంతుకు వస్తే పెట్టాలన్నది గ్రానైట్‌లో లెక్క. సున్నపురాయిలో మచ్చ కోసం చూడొద్దు. బిట్ పైకి తీసిన ప్రతిసారీ తడి గుడ్డతో తుడిచి భూతద్దంతో చూడండి. వల కనిపించగానే పైపొర సాన పట్టి తీసేయండి. సాన పట్టేటప్పుడు నీళ్లు ఆపకండి, ఎర్రగా కాలిన బటన్‌ను ముంచితే మీరే కొత్త పగుళ్లు పెట్టినట్టు.

---

సీల్‌రింగ్_విశాఖ
నవంబరు 9, ఉదయం 9:05

పరవాడ వైపు మందుల ప్లాంట్లలో పంపుల మెయింటెనెన్స్ చేస్తాను. పంపు ఇరుసు దగ్గర ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీల్ రింగులు కార్బైడ్‌వి ఉంటాయి. మా దగ్గర కోబాల్ట్ రింగు ఆమ్లం లైనులో పెడితే వారాల్లోనే ముఖం గరుకెక్కి కారడం మొదలవుతుంది. కోబాల్ట్‌కు బదులు నికెల్ బైండర్ (గింజలను పట్టే సిమెంటు) ఉన్నవి వేస్తాం, క్రోమియం కలిపినవైతే ఇంకా నిలుస్తాయి. మరి డైలకు కూడా నికెల్ వేస్తే ఈ వైర్‌కట్ బాధ తప్పదా?

---

పొడి_లోహం
నవంబరు 9, మధ్యాహ్నం 2:00

కొంత తప్పుతుంది. కానీ అదే గింజ, అదే శాతం ఉన్నా నికెల్ బైండర్ గ్రేడుకు గట్టిదనం, బలం సాధారణంగా కోబాల్ట్ కన్నా తక్కువ. సీల్ రింగు రోజంతా ఆమ్లంలో ఉంటుంది, దెబ్బలు ఉండవు, కాబట్టి మీకు నికెలే సరి. ఈ డై నీళ్లు చూసేది తయారీలో కొన్ని గంటలే. ఆ గంటలు సరిచేసుకుంటే చాలు.

---

గ్రైండింగ్_30ఏళ్లు
నవంబరు 9, రాత్రి 9:30

అందరూ డై గురించి రాశారు, నేను మనుషుల గురించి రాయాలి.

కూలెంట్‌లోకి కోబాల్ట్ దిగితే అది గులాబీ రంగుకు తిరుగుతుంది. చాలామంది చూసి ఉంటారు, పట్టించుకోరు. నేను మొదట పనిచేసిన షాపులో ఆ కూలెంటే నెలల తరబడి తిప్పేవాళ్లం, తుంపర ముఖాన పడుతుంటే గుడ్డతో తుడుచుకునేవాళ్లం. నా పక్క మెషీను మీద ఉండే అతనికి పొడి దగ్గు పట్టుకుంది. ఆదివారం ఇంట్లో ఉంటే తగ్గేది, సోమవారం మళ్లీ మొదలయ్యేది. టీబీ మందులు వాడాడు, తగ్గలేదు. చివరికి ఛాతీ డాక్టరు పని ఏమిటని అడిగి, ఊపిరితిత్తులు కార్బైడ్ ధూళికి దెబ్బతిన్నాయని చెప్పాడు. అప్పటికే మెట్లు ఎక్కలేని పరిస్థితి. నలభై రెండేళ్లకు పని మానేశాడు.

దీనికి హార్డ్ మెటల్ ఊపిరితిత్తుల జబ్బు అని పేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థలోని క్యాన్సర్ పరిశోధన విభాగం టంగ్‌స్టన్ కార్బైడ్‌తో కలిసిన కోబాల్ట్‌ను 2006లోనే క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటిలో చేర్చింది. డైకి కోబాల్ట్ పోతే ఇంకో డై చేయించుకుంటాం. పొడిగా సాన పట్టొద్దు, మెషీనుకు మూత, గాలి లాగే ఏర్పాటు పెట్టండి, కూలెంట్ రంగు తిరగ్గానే మార్చండి. కుర్రాళ్లకు సరైన మాస్కు ఇవ్వండి, జేబు రుమాలు మాస్కు కాదు. సెలవు రోజు తగ్గే దగ్గు ఉంటే వెంటనే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం పని చేస్తారో మీరే ముందు చెప్పండి.

---

బాలానగర్_ప్రెస్‌షాప్
నవంబరు 10, రాత్రి 8:20

అన్నా, మీ పోస్టు మా షాపులో అందరికీ చదివి వినిపించాను. మా సాన మెషీనుకు మూత లేదు. ఈ వారంలో పెట్టిస్తున్నాను.

కోసిన షాపుకు వెళ్లి వచ్చాను. గొడవ పడలేదు, ఉన్నది చెప్పమని అడిగాను. పాపం దాచకుండా చెప్పారు. స్కిమ్ ఒక్కటే తీశారు. జాబ్ బోనాల ముందు శనివారం ట్యాంకులో పెట్టారు. సాయంత్రం తీగ తెగి మెషీను ఆగిపోయింది. ఆదివారం, సోమవారం సెలవు. మంగళవారం మధ్యాహ్నం వచ్చి మిగతాది కోశారు. అంటే దాదాపు మూడు రోజులు నీళ్లలో ఉంది. రెజిన్ ఎప్పుడు మార్చారో వాళ్లకే గుర్తులేదు. విరిగిన ఇన్సర్టులు మూడూ ఆ దిమ్మలోవే.

---

వైర్‌కట్_చర్లపల్లి
నవంబరు 10, రాత్రి 9:00

మూడు రోజులా! మా దగ్గర కార్బైడ్ జాబ్ ఉంటే రాత్రికి ట్యాంకు ఖాళీ చేస్తాం. మధ్యలో ఆపాల్సి వస్తే నీళ్లు దింపి, జాబ్‌ను గాలితో ఆరబెట్టి, నూనె పూస్తాం. పది నిమిషాల పని.

మీరు మళ్లీ చేయిస్తే ఒక ముక్క నమూనా కూడా అదే దిమ్మలో కోయమనండి, వేలితో రుద్ది చూసుకోవచ్చు.

---

ఎంటెక్_వరంగల్
నవంబరు 28, సాయంత్రం 5:15

ప్రెస్‌షాప్ సార్ పంపిన రెండు ముక్కలను మా గైడ్ అనుమతితో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూశాం. కోత గోడ నుంచి లోపలికి, చోటును బట్టి 25 నుంచి 60 మైక్రాన్ల వరకు కోబాల్ట్ దాదాపు లేదు. గింజల మధ్య ఖాళీలు తేనెపట్టులా కనిపిస్తున్నాయి. పగులు మొదలైన చోట పొర మందం 50కి దగ్గరగా ఉంది. దానికి అవతల కోబాల్ట్ మామూలుగానే ఉంది, గింజ కొలత కూడా పాత సెట్టు ముక్కతో సరిపోయింది. అంటే దిమ్మలో లోపం లేదు. మొదలు దగ్గర పగులు ముఖం చదునుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ కోబాల్ట్ సాగి తెగిన గట్లు కనిపిస్తున్నాయి. ఫోటోలు సార్‌కు పంపాను.

---

బాలానగర్_ప్రెస్‌షాప్
డిసెంబరు 19, రాత్రి 10:05

ఆలస్యంగా రాస్తున్నాను, కొంత నడిపి చూశాకే చెప్పాలనుకున్నాను.

గ్రేడు మార్చలేదు. అదే 12 శాతం. సరఫరాదారుకు ఫోటోలు చూపించి, దిమ్మ తప్పు కాదని నేనే చెప్పాను, ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నాడు. కోత చర్లపల్లిలో చేయించాం, ఏసీ సప్లై మీద, రఫ్ తర్వాత నాలుగు స్కిమ్‌లు. జాబ్ ఒక్క రాత్రి కూడా నీళ్లలో లేదు. స్లాట్ మూల 0.3కు కొనుగోలుదారు ఒప్పుకోలేదు, 0.2కు ఒప్పుకున్నాడు. గోడను వజ్రపు పేస్టుతో చేత్తో నున్నగా చేశాం. చట్రం కొత్తగా బిగువుగా చేయించాం, పుణె సార్‌కు ధన్యవాదాలు.

పాత దిమ్మలో మిగిలిన ఇన్సర్టుల గోడలు కూడా సాన పట్టి వాడదామా అనుకున్నాం. పొర తీస్తే క్లియరెన్స్ (పంచ్‌కు, డైకి మధ్య సందు) పెరిగి ముక్క అంచుకు బర్ (గరుకు కొస) వస్తుంది. వదిలేశాం.

ఈ రోజుకు ఎనిమిది లక్షల స్ట్రోకులయ్యాయి. మధ్యాహ్నం డై విప్పి ప్రతి మూలనూ భూతద్దంతో చూశాను. పెచ్చు లేదు, వేలికి నలుపు లేదు. పదిహేను లక్షలకు పదును పెట్టినప్పుడు మళ్లీ ఫోటోలు పెడతాను. బోరుబండి అన్నా, మీ సున్నపురాయి బిట్లు ఎలా ఉన్నాయి?

---

బోరుబండి_నల్గొండ
డిసెంబరు 20, ఉదయం 6:50

దాచేపల్లిలోనే ఉన్నం అన్నా. బిట్ తీసిన ప్రతిసారీ తుడిచి చూస్తున్నం. రెండు సార్లు కుబుసం కనిపించింది, సాన పట్టి తీసేసినం. నెల రోజుల్లో ఒకటే బటన్ పోయింది.